పార్సన్స్‌ని పంపేసిన రోజు

ఆగస్టు 28, గురువారం మధ్యాహ్నం. ఇర్వింగ్‌లో మా ఆఫీసు. ఎవరో స్క్రీన్ మీద డాష్‌బోర్డు చూపిస్తున్నారు, చూసేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఉన్నట్టుండి గదిలో అందరి ఫోన్లూ ఒకేసారి బుర్రుమన్నాయి. మా మేనేజర్ ఫోన్ చూసుకుని, దాన్ని బోర్లా పెట్టేసి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. పుట్టి పెరిగింది ఇక్కడే అయిన మనిషి. ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమోనని భయపడ్డాను.

"మైకాని ఇచ్చేశారు" అన్నాడు.

మీటింగ్ అక్కడితో ఆగిపోయింది.

ఫుట్‌బాల్ అనగానే మెస్సీ గుర్తొచ్చేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, ఇది ఆ ఫుట్‌బాల్ కాదు. ఇది అమెరికా వాళ్ల ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారంలో బంతి, తలకి హెల్మెట్, భుజాల మీద ప్యాడ్లు. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలు. వెళ్తే మళ్లీ నాలుగు. వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లకి. మైకా పార్సన్స్ అంటే అలా వెళ్లనివ్వని మనిషి. డాలస్ కౌబాయ్స్ అతన్ని 2021 డ్రాఫ్ట్‌లో 12వ ఆటగాడిగా తీసుకున్నారు. నేను ఎం.ఎస్. కోసం సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఈ ఊళ్లో దిగింది కూడా ఆ ఏడాదే. ఈ ఆటలో నాకు మొదట అర్థమైంది అతనొక్కడే. మిగతా 21 మంది ఎందుకు గుద్దుకుంటున్నారో తెలిసేది కాదు గానీ, ఒకడు అంచు నుంచి చిరుతలా వచ్చి, బంతి విసరబోతున్న క్వార్టర్‌బ్యాక్‌ని కింద పడేస్తే ఏం జరిగిందో చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. దాన్ని శాక్ అంటారు. నాలుగు సీజన్లలో 52.5 శాక్‌లు. ఆ అర ఏమిటంటారా? ఇద్దరు కలిసి పడేస్తే చెరి సగం.

అలాంటివాణ్ణి సీజన్ మొదలవడానికి వారం ముందు గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చింది కెన్నీ క్లార్క్ అనే 29 ఏళ్ల డిఫెన్సివ్ టాకిల్, 2026లో ఒకటి, 2027లో ఒకటి మొదటి రౌండు డ్రాఫ్ట్ పిక్‌లు. ప్యాకర్స్ పార్సన్స్‌కి నాలుగేళ్లకి 188 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఏడాదికి 47 మిలియన్లు. క్వార్టర్‌బ్యాక్ కాని ఆటగాడికి అప్పటిదాకా ఎవరూ అంత ఇవ్వలేదు.

ఆ సాయంత్రం మా ఫ్లాట్‌లో జరిగిన గొడవ గురించి చెప్పాలి. పాత్రలు ముగ్గురు. నేను, మా రూమ్మేట్ బావ (చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరిదీ నరసరావుపేట అవడంతో ఆ పిలుపు అలా అతుక్కుపోయింది), పై అంతస్తులో ఉండే కరీంనగర్ దోస్త్. ముగ్గురికీ ఈ ఆట గురించి మిడిమిడి జ్ఞానమే. గొడవకి అది చాలు.

బావ రాగానే "రషీద్ ఖాన్" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. సన్‌రైజర్స్ అభిమానులకి ఆ పేరు చాలు. 2022 సీజన్ ముందు హైదరాబాద్ వాళ్లు విలియమ్సన్‌ని 14 కోట్లకి అట్టిపెట్టుకుని, కుర్రాళ్లు సమద్‌నీ ఉమ్రాన్‌నీ చెరో నాలుగు కోట్లకి ఉంచుకుని, రషీద్‌ని వదిలేశారు. గుజరాత్ 15 కోట్లిచ్చి తీసుకెళ్లింది. ఆ ఏడాదే కప్పు కొట్టింది. "చెయ్యి దాటిపోయినవాడు అవతలివాడి చేతికి కప్పిచ్చాక మీకు బుద్ధొస్తుందిరా" అన్నాడు బావ, కౌబాయ్స్ యజమాని జెర్రీ జోన్స్ మా సోఫాలోనే కూర్చున్నట్టు.

కరీంనగర్ దోస్త్ ఒప్పుకోలేదు. "అరే, ఆడు మంచిగనే ఆడుతడు, ఎవడు కాదన్నడు? గని నడిమిట్ల ఎవడున్నడు భయ్? గేటుకు పెద్ద తాళమేసి, గోడ కట్టకపోతే ఏం ఫాయిదా?"

ఈ మాట కొంచెం విప్పి చెప్పాలి. నాకు దీన్ని అర్థమయ్యేలా చెప్పింది టీవీలో వ్యాఖ్యాతలు కాదు, మా టీమ్‌లో పనిచేసే ఖమ్మం అన్న. ఆయనకి అమెరికా ఫుట్‌బాల్ మీద పైసా ఆసక్తి లేదు. కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడేవాడు, కవర్ ప్లేసులో. ఒకరోజు లంచ్‌లో నేను పార్సన్స్ వీడియోలు చూపిస్తుంటే ఫోన్ లాక్కుని, వెనక్కి జరిపి, మళ్లీ చూసి, "మూల మనిషే బాగా పట్టిండు, సరే. మరి ఈ మధ్యల లావాయన ఏం చేస్తున్నడో చూసినవా?" అన్నాడు. నేను చూడలేదు. ఎవరు చూస్తారు?

కబడ్డీలో కూతకొచ్చినవాడి కాలు పట్టేది చాలాసార్లు మూలలో ఉన్నవాడు. స్కోరు షీటులో పడేది అతని పేరే. కానీ కూతగాడు మధ్యలోంచి దూకి గీత అందుకోకుండా అడ్డం నిలబడి, ఆ మూలకే వెళ్లేలా దారి మూసినవాడు కవర్. వాడు గుద్దించుకుంటాడు, మోకాలు చీరుకుంటాడు, పేరు మాత్రం పక్కవాడికి. ఈ ఆటలో డిఫెన్సివ్ లైను కూడా సరిగ్గా అంతే. సాధారణంగా నలుగురు ముందు నిలబడతారు. రెండు చివర్లా ఎండ్‌లు లేదా ఎడ్జ్ రషర్లు, మధ్యలో ఇద్దరు టాకిల్స్. ఎవడు ఎక్కడ నిలబడాలో అంకెలుంటాయి. బంతి అందించే సెంటర్‌కి ఎదురుగా ముక్కుకి ముక్కు నిలబడితే సున్నా, సెంటర్ భుజం పక్కన ఒకటి, గార్డు బయటి భుజం దగ్గర మూడు, ఇంకా అవతలికి అయిదు. ఆ సున్నా, ఒకటి స్థానాల్లో ఉండేవాణ్ణి నోస్ టాకిల్ అంటారు. నూట నలభై కిలోల పైన బరువుంటాడు. అతని ఉద్యోగం ఒక్కటే. ఇద్దరు కలిసి తోసినా కదలకపోవడం. అతను ఇద్దర్ని ఆపితే వెనకున్న లైన్‌బ్యాకర్లలో ఒకడికి దారి దొరుకుతుంది, పక్కన పార్సన్స్ లాంటివాడికి ఒక్కడితోనే పోటీ మిగులుతుంది. అతను వెనక్కి జరిగితే మాత్రం అవతలివాడు బంతి పట్టుకుని మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లిపోతాడు. అంచున ఎంత పెద్ద చిరుత ఉన్నా అది పరిగెత్తుకొచ్చేసరికి ఆట అయిపోతుంది.

దీనికి దోస్త్ దగ్గర సాక్ష్యం ఉంది. 2024 జనవరి 14. ఆర్లింగ్టన్‌లో మన గడ్డ మీదే ప్లేఆఫ్. వచ్చింది ఇదే ప్యాకర్స్. పార్సన్స్ మనవాడే, ఆరోగ్యంగానే ఉన్నాడు. ఆరోన్ జోన్స్ అనే రన్నింగ్ బ్యాక్ 118 గజాలు పరిగెత్తి మూడు టచ్‌డౌన్లు చేశాడు. 48-32తో ఇంటికి పంపించారు. మధ్యలో గోడ కట్టడానికి 2023లో మొదటి రౌండు పిక్ పెట్టి మాజీ స్మిత్ అనే కుర్రాణ్ణి తెచ్చుకున్నారు గానీ, ఆ గోడ లేవలేదు.

బావ లెక్క వేరు. డబ్బు గురించి అయితే బావ దగ్గర వాదించకూడదు, ఇంటి అద్దె కూడా ఎక్సెల్ షీటులో నడుపుతాడు. 2025కి ఒక్కో జట్టుకీ జీతాల పరిమితి 279.2 మిలియన్లు. అందులో 53 మంది ఉండాలి. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి ఏడాదికి సగటున 60, సీడీ ల్యాంబ్‌కి 34. దానికి పార్సన్స్ 47 కలిపితే 141. సగం పైన ముగ్గురికే. ఏ ఏడాది పద్దులో ఎంత పడుతుందనేది వేరే సంగతి, సంతకం బోనస్‌ని అయిదేళ్ల దాకా పరిచేయొచ్చు, అందుకే జట్లన్నీ అప్పుల్ని ముందుకు నెట్టుకుంటూ బతికేస్తాయి. "అయినా ఇవ్వాల్సిందే" అన్నాడు బావ. "ఆలస్యం చేసింది ఎవడు? పోయినేడాదే సంతకం పెట్టించుకుంటే చవగ్గా వచ్చేవాడు. ఏజెంటుతో మాట్లాడనంటాడు ఈయన. ఆగస్టు 1న కుర్రాడు ట్రేడ్ చెయ్యండి మహాప్రభో అని లోకానికి చెప్పుకున్నాడు. నేరేడు చెట్టు కొట్టేసి, పండ్లు రాలట్లేదంటే ఎలా?"

ఈ విషయంలో నేను బావ వైపే. జెర్రీ జోన్స్ 1989లో జట్టుని కొన్నాడు, అప్పట్నుంచీ తనే జనరల్ మేనేజర్ కూడా. యజమానే మేనేజర్ అయితే ఎవరు ఎవర్ని తీసేస్తారు చెప్పండి! చివరిగా కప్పు గెలిచింది 1995 సీజన్లో. నేను అప్పటికి పుట్టలేదు.

మర్నాడు ఆఫీసులో మేనేజర్ దగ్గర ఇదంతా కదిపితే ఆయన చరిత్ర విప్పాడు. ఇక్కడ పెద్దవాళ్లందరికీ 1989 ట్రేడ్ కంఠతా వచ్చు. హెర్షెల్ వాకర్ అనే స్టార్‌ని మిన్నెసోటాకి పంపి, బదులుగా బోలెడన్ని పిక్‌లు రాబట్టి, వాటితోనే తొంభైల జట్టుని కట్టారు. మూడు సూపర్ బౌల్స్. కాబట్టి స్టార్‌ని పంపినా జట్టు బాగుపడొచ్చు అంటారు ఒక వర్గం. "కానీ" అని మేనేజర్ వేలెత్తాడు, "1992లో శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు విసుగెత్తి చార్లెస్ హేలీని మాకు ఇచ్చేశారు. అంచున దూకే మనిషి. అతను రాగానే ఆ ఏడాదే గెలిచాం." అంటే ఒకే జట్టు చరిత్రలో రెండు వాదాలకీ రుజువులున్నాయి. ఎవడికి కావల్సింది వాడు తీసుకోవచ్చు.

సెప్టెంబరు 28న ప్యాకర్స్ పార్సన్స్‌ని వెంటబెట్టుకుని ఆర్లింగ్టన్ వచ్చారు. టికెట్టు ధర చూసి, ఇంట్లోనే దమ్ బిర్యానీ పెట్టుకున్నాం. అదనపు సమయంలో కౌబాయ్స్ గోల్ లైను దగ్గర పడ్డారు, ఇంకొంచెం వెళితే టచ్‌డౌన్. అప్పుడు పార్సన్స్ డాక్ వెంటపడి పడేశాడు. మూడు పాయింట్లతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ప్యాకర్స్ కూడా చివరి క్షణంలో మూడు కొట్టారు. 40-40. డ్రా. ఈ ఆటలో డ్రా అనేది ఉంటుందని దోస్త్‌కి ఆ రోజే తెలిసింది. బావ ఏమీ మాట్లాడకుండా గిన్నెలు కడిగాడు. అతని వంతు కాకపోయినా.

ఇప్పుడు ఈ కాలమ్ ఎందుకు రాస్తున్నానో చెప్పాలి.

ఆ మ్యాచ్‌కి వారం ముందు ఆఫీసులో పీర్ ఫీడ్‌బ్యాక్ ఫారాలు వచ్చాయి. తోటివాళ్ల పని గురించి రాయాలి. నాకు వచ్చిన మూడు పేర్లలో ఖమ్మం అన్న పేరు ఒకటి. ఆయన పని ఏమిటంటే, మా సర్వీసు రాత్రిపూట పడిపోకుండా చూడటం. ఎవరు కొత్త కోడ్ పెట్టినా "ఇది పోతే వెనక్కి ఎట్ల తెస్తవ్ తమ్ముడూ?" అని అడుగుతాడు. చాలాసార్లు మా దగ్గర జవాబుండదు. అప్పుడు రెండ్రోజులు ఆగుతాం, తిట్టుకుంటాం, సరిచేస్తాం. పడిపోని సర్వీసుకి టికెట్ ఉండదు కదా. టికెట్ లేకపోతే డాష్‌బోర్డులో గీత ఉండదు. ఆయన పేరు పక్కన ఆరు నెలల్లో ఉన్నవి నా పేరు పక్కన ఉన్నవాటిలో మూడో వంతు.

రెండు మీటింగుల మధ్య నాలుగు నిమిషాల్లో నేను రాసింది ఇది: నమ్మకమైన మనిషి, అందరికీ సాయం చేస్తాడు, కొత్త ఫీచర్లలో పాత్ర తక్కువ.

అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ ఆదివారం సాయంత్రమే కెన్నీ క్లార్క్ గురించి, శాక్ లెక్కలు చూసి మనిషిని అంచనా వెయ్యకూడదని బావ మీద గొంతు చించుకున్నాను.

అక్టోబరు రెండో వారంలో లిస్ట్ వచ్చింది. మా టీమ్ నుంచి ఇద్దరు. అందులో ఆయన. నా రెండు లైన్ల వల్లే జరిగిందని అనుకోవడం నాకు నేను ఎక్కువ విలువ ఇచ్చుకోవడమే. అంత పెద్ద కంపెనీలో జాబితాలు ఎక్కడ తయారవుతాయో నాకేం తెలుసు? కానీ ఆ రెండు లైన్ల బదులు ఇంకో రెండు రాసుంటే ఏమయ్యేదో కూడా నాకు తెలీదు. అదే ఇబ్బంది. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులు. ఆ లోపు ఇంకోటి దొరకాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. ఇక్కడ ఉన్న ప్రతి తెలుగువాడికీ ఆ అంకె ఎక్కాల కంటే బాగా గుర్తుంటుంది. ఆయన పాప ఫస్ట్ గ్రేడ్.

రెండు వారాలయ్యాక ఒక రాత్రి రెండింటికి మా బ్యాచ్ జాబ్ పడిపోయింది. ముగ్గురం అయిదు గంటలు కూర్చున్నాం. కోడ్‌లో ఒకచోట ఆయన రాసిన కామెంట్ కనిపించింది, దీన్ని ఎందుకు ముట్టుకోకూడదో. దాన్ని ముట్టుకున్నది నేనే, పది రోజుల క్రితం.

ఈలోగా కౌబాయ్స్ డిఫెన్స్ కూడా చిల్లుపడ్డ కుండలా కారుతూనే ఉంది. జెయింట్స్ 37, ప్యాకర్స్ 40, బ్రాంకోస్ 44. నవంబరు 4న జెర్రీ ఇంకో ట్రేడ్ చేశాడు. న్యూయార్క్ జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్. 2019 డ్రాఫ్ట్‌లో మూడో ఆటగాడు, అసలు సిసలైన టాకిల్. ఇచ్చింది 2027 మొదటి రౌండు పిక్, 2026 రెండో రౌండు పిక్, పైన మాజీ స్మిత్. వాట్సాప్‌లో బావ వెంటనే తూకం వేశాడు. పార్సన్స్, మాజీ, ఒక రెండో రౌండు పిక్ పోయాయి. క్లార్క్, క్విన్నెన్, ఒక మొదటి రౌండు పిక్ మిగిలాయి. ఇప్పటికే ఓసా ఒడిగిజువాకి నాలుగేళ్లకి 80 మిలియన్లు ఇచ్చి ఉన్నారు, అతనూ టాకిలే. "ముగ్గురు కవర్లు, మూలలో ఎవడూ లేడు. భలే కబడ్డీ" అని రాశాడు. దోస్త్ ఊరుకుంటాడా? రెండ్రోజులు ఒకటే యుద్ధం. ఎవణ్ణి కూర్చోబెట్టాలి, ఎవణ్ణి తీసేయాలి, అంచున ఎవణ్ణి నిలబెట్టాలి. జెర్సీ నంబర్లతోనే మాట్లాడుకున్నాం. 94ని తగ్గించాలి అని రాసింది నేనే.

94 అంటే మార్షాన్ నీలాండ్. 2024లో రెండో రౌండులో తీసుకున్న డిఫెన్సివ్ ఎండ్. నవంబరు 3 సోమవారం రాత్రి అరిజోనా మీద, అడ్డుకున్న పంట్ బంతిని ఎండ్ జోన్‌లో పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. ఆ గురువారం పొద్దున్న లేచేసరికి అతను చనిపోయాడని వార్త. 24 ఏళ్లు. నా తమ్ముడి కంటే చిన్నవాడు.

గ్రూపులో ఆ రోజు ఎవరూ ఏమీ రాయలేదు. నా మెసేజ్ పైన అలాగే ఉంది. డిలీట్ చేద్దామనుకుని, వద్దనిపించి ఉంచేశాను.

ఆ మధ్యాహ్నమే ఖమ్మం అన్నకి ఫోన్ చేశాను. లిస్ట్ వచ్చాక రెండు మెసేజ్‌లు పెట్టాను గానీ గొంతు వినడం అదే మొదలు. ముందు ఆయనే "బ్యాచ్ పడ్డదట గదా?" అని నవ్వాడు. అప్పుడు చెప్పేశాను, ఫీడ్‌బ్యాక్‌లో ఏం రాశానో అక్షరం పొల్లుపోకుండా. అటువైపు కాసేపు చప్పుడు లేదు. పాప ఏదో అడుగుతుంటే ఆమెకి జవాబు చెప్పి మళ్లీ లైనులోకొచ్చాడు.

"తప్పేం రాయలే తమ్ముడూ. ఫీచర్లు నేనెప్పుడు చేసిన?" అన్నాడు. కాసేపాగి, "రెఫరల్ రాస్తవా ఎక్కడన్నా?" అన్నాడు.

ఆ వారాంతం కూర్చుని రాశాను. ఈసారి నాలుగు నిమిషాలు కాదు. ఏయే రిలీజ్‌ల ముందు ఆయన ఏం అడిగాడో, అడక్కపోతే ఏమయ్యేదో, పాత చాట్లన్నీ తవ్వి తేదీలతో సహా. మేనేజర్‌కీ చూపించాను. ఆయన చదివి, "ఇది సెప్టెంబర్‌లో ఎక్కడుంది?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. తనకి తెలిసిన రెండుచోట్లకి మాత్రం పంపాడు.

మొన్న సోమవారం, నవంబరు 17, లాస్ వెగాస్‌లో రెయిడర్స్‌తో మ్యాచ్. నీలాండ్ పోయాక మొదటి ఆట, క్విన్నెన్‌కి ఈ జట్టులో మొదటి ఆట. ఖమ్మం అన్నని మా ఫ్లాట్‌కి రమ్మన్నాను. వచ్చాడు, పల్లీ చట్నీ డబ్బా పట్టుకుని. ఆట మొదలయ్యాక మేం ముగ్గురం బంతి ఎటు పోతే అటు చూస్తుంటే, ఆయన స్క్రీన్ మధ్యలోనే చూస్తూ కూర్చున్నాడు. "అగో, ఇద్దరు పట్టుకున్నరు వాన్ని. కదిల్తలేడు చూడు." బావ రీప్లే వేశాడు. నిజమే. సెంటరూ గార్డూ కలిసి తోస్తున్నా క్విన్నెన్ ఉన్నచోటే ఉన్నాడు. బంతి పట్టుకున్నవాడు దారి లేక పక్కకి తిరిగాడు, అక్కడ ఇంకెవరో పట్టుకున్నారు. వ్యాఖ్యాత ఆ ఇంకొకరి పేరే చెప్పాడు.

33-16. గెలిచాం. పార్సన్స్ ఉంటే ఇంకా పెద్ద తేడాతో గెలిచేవాళ్లమని బావ, ఉంటే క్విన్నెన్ వచ్చేవాడే కాదని దోస్త్, ఇద్దరూ పార్కింగ్ దాకా తిట్టుకుంటూనే వచ్చారు. అన్నని నేను కారులో దింపాను. ఇంకా ఇరవై ఎనిమిది రోజులున్నాయట. బుధవారం ఒకచోట మూడో రౌండు ఇంటర్వ్యూ. "సిస్టమ్ డిజైన్ అడుగుతరంట, రేపు రాత్రి ఒక గంట కూసుంటవా?" అన్నాడు దిగుతూ.

తొమ్మిదింటికి వస్తానన్నాను.